ఎండలో నేర్పిన ఈత

యరాండా ఊళ్లో ఈత వచ్చినవాళ్లందరికీ అది నేర్పింది ఒక్క మనిషే. ఆవిడ పేరు మర్ల్ టాన్సీ. చక్కెర మిల్లు వెనక, చెరకు మోసే చిన్నరైలు పట్టాలు దాటగానే మునిసిపాలిటీ వాళ్ల ఈతకొలను ఉంది. 1957లో దాన్ని తెరిచిన రోజు నుంచి గేటు తాళం చెవి మర్ల్ దగ్గరే ఉండేది. మనిషి పొట్టి. భుజాలు వెడల్పు. గొంతెత్తితే మిల్లు కూతతో పోటీ పడేది. దక్షిణార్ధగోళంలో ఉన్న ఆ ఊళ్లో సెప్టెంబరులో వేడి మొదలైనప్పటి నుంచి ఏప్రిల్ చివరిదాకా ఆవిడ ఒంటి మీద వీపు సగం తెరిచి ఉండే నీలం ఈతబట్టలే కనిపించేవి. చెరకు కోతల రోజుల్లో ఎండుటాకు పోవడానికి తోటలు తగలబెట్టినప్పుడు గాలికి కొట్టుకొచ్చిన మసి నీళ్ల మీద తెట్టుకట్టేది. తెల్లారగానే వచ్చి వల కట్టిన గెడతో ఆ మసంతా తీసేసి, పిల్లల కోసం ఎదురు చూసేది.

ఈత ఆవిడకి సరదా కాదు. తనకి పదకొండేళ్లప్పుడు తమ్ముడు లెన్ వాగులో పోయాడు. ఏడేళ్లవాడు. నాన్న పాత చొక్కా తొడుక్కుని నీళ్లలోకి దిగాడు. చొక్కా నీళ్లు పీల్చి బరువెక్కింది, తిరగబడి తలకి చుట్టుకుంది. మర్ల్ ఒడ్డున నిలబడి అరవడం తప్ప ఏమీ చేయలేకపోయింది. అప్పటికి ఆవిడకీ ఈత రాదు. పెద్దవాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి చొక్కా ఒక్కటే కనిపించింది. దాన్ని పట్టుకుని లాగితే వాడు వచ్చాడు.

అందుకే ఆవిడ కొలనులో ఒకే ఒక్క ఖచ్చితమైన రూలు ఉండేది. నీళ్లలో చొక్కా కుదరదు. వాళ్లమ్మ చెప్పినా కుదరదు, డాక్టరు చీటీ తెచ్చినా కుదరదు.

స్కూలు బస్సు పదకొండుకి పిల్లల్ని దింపి ఒంటిగంటకి తీసుకెళ్లేది. నడినెత్తిన ఎండ. సిమెంటు గట్టు మీద కాలు పెట్టలేక పిల్లలు గెంతేవాళ్లు.

"ఒరేయ్ వాలెస్, నీళ్లని బతిమాలుతున్నావేంట్రా? కాళ్లు కొట్టు! ఏం పిల్లా, మొహం తడవకుండా ఈత నేర్చుకుంటావా? బాతువనుకున్నావా?" అంటూ మర్ల్ గట్టు మీద అటూ ఇటూ తిరిగేది.

సోమవారం వచ్చిందంటే పిల్లలు ఒకరి వీపు మీద ఒకరు ఎండకి లేచిన చర్మం పొరలు ఊడదీసుకునేవాళ్లు. ఎవరికి పెద్ద ముక్క ఊడితే వాళ్లు గెలిచినట్టు. ఎండకి కమిలి బొబ్బలెక్కిన వీపులకి తల్లులు వెనిగర్ అద్ది, రెండు తిట్లు తిట్టి, మర్నాడు మళ్లీ పంపేవాళ్లు. పాలిపోయినట్టు తెల్లగా ఉన్న పిల్లల్ని చూస్తే ఆ ఊరికి జాలి. కాలి ఎర్రబడి, ఆ ఎరుపు మీద గోధుమరంగు తేలితేనే ఆరోగ్యం. మర్ల్‌ది కూడా అదే నమ్మకం. కాళ్లకి, చేతులకి కొబ్బరినూనె పట్టించి ఎండలోకి దిగేది.

అంతకుముందు ఏటా వానాకాలంలో ఆ ఊరి ఏరు ఒకరిద్దరు పిల్లల్ని మింగేది. మర్ల్ వచ్చాక ఇరవై రెండేళ్లలో ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లాడెవడూ నీళ్లలో పోలేదు. 1967లో వచ్చిన వరదల్లో పదేళ్ల పిల్లలు చెల్లెళ్లని వీపున వేసుకుని ఈదుకుంటూ వచ్చారు. ఆవిడకి పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట తెస్తే, "ఎందుకు లేరు? తొమ్మిదొందల మంది. ఒక్కడూ మాట వినడు" అని నవ్వేసేది.

మొగుడు కెల్విన్ మిల్లులో ఫిట్టరు, అందరూ కెల్ అనేవాళ్లు. రోజుకి పాతిక మాటలకి మించి మాట్లాడడని పేరు. 1979 ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం మిల్లువాళ్ల విందుకి బయల్దేరుతూ, మర్ల్ గౌను జిప్పు పైకి లాగబోయి ఆగిపోయాడు.

"మర్లీ, కాస్త దీపం వైపు తిరుగు."

"ఏం, తెగిందా?"

"జిప్పు కాదు. నీ వీపు మీద ఇదేంటి?"

"పుట్టుమచ్చ. మా అమ్మ నాకిచ్చిన ఆస్తి అదొక్కటే."

"పుట్టుమచ్చ నాకు తెలీదా? ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నా. గుండ్రంగా, బుద్ధిగా ఉండేది. ఇప్పుడు అంచు సరిగ్గా లేదు, ఆకురాయి పెట్టని రేకులాగుంది. ఒక పక్క నలుపు, ఇంకో పక్క నీలం. పెరిగింది కూడా."

"ఈతబట్టల అంచు ఒరుసుకుని ఉంటుంది. నువ్వు ముందు కళ్లజోడు మార్పించుకో."

"డాక్టరుకి చూపించు."

"కొలను మూశాక చూపిస్తాలే. ఇంకా మూడో తరగతి వాళ్లకి తేలడం కూడా రాలేదు."

ఏప్రిల్‌లో కొలను మూశారు. చలికాలం వచ్చింది, వెళ్లింది. మచ్చ గురించి కెల్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆవిడ దగ్గర ఏదో ఒక జవాబు ఉంది. అది వీపు మీద ఉంది కాబట్టి ఆవిడకి కనిపించదు. కనిపించనిదాన్ని పక్కన పెట్టడం తేలిక. అక్టోబరులో ఒక మధ్యాహ్నం పాఠం అయిపోయాక, మర్ల్ భుజాన వేసుకున్న తెల్ల తువ్వాలు మీద రక్తం చూసి ఒక చిన్న పిల్ల ఏడుపందుకుంది. ఆ సాయంత్రం కెల్ ఇంకేమీ అడగలేదు. కారు స్టార్ట్ చేసి, ఆవిడ వైపు తలుపు తెరిచి కూర్చున్నాడు.

ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు పేరు అలెక్ విన్సన్. ఆ ఊరి కుర్రాడే. ఒకప్పుడు మర్ల్ కొలనులో లోతు తక్కువ వైపు గట్టు పట్టుకుని రెండు వారాలు ఏడ్చాడు. అతను పెద్ద దీపం దగ్గరికి లాక్కుని ఆవిడ వీపు వంక చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్లయింది మిసెస్ టాన్సీ?"

"ఏది? నువ్వు గట్టు వదిలి ఎన్నాళ్లయిందనా?"

అలెక్ నవ్వలేదు. మచ్చ చుట్టూ మత్తు సూది వేసి, మొత్తం కోసి తీసి సీసాలో వేశాడు. పది రోజులకి కబురు పంపాడు. ఇద్దర్నీ కూర్చోమన్నాడు.

"దాని పేరు మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాలుంటాయి. అవి అదుపు తప్పి పెరిగితే ఇదవుతుంది. చర్మానికొచ్చే కాన్సర్ ఇది."

"చర్మానికేగా? మా నాన్నకి ముక్కు మీద ఒకటి లేస్తే గీకి పారేశారు. ఎనభై రెండేళ్లు బతికాడు మహారాజులాగా."

"అది వేరే రకమండీ. అది లేచినచోటే చాలా ఏళ్లు కూర్చుంటుంది. ఇది అలా కాదు, లోపలికి దిగుతుంది. అందుకే దీని వెడల్పు కంటే లోతు ముఖ్యం. మిల్లీమీటరు కూడా దిగకముందే కోసేస్తే చాలామందికి అక్కడితో సరిపోతుంది. దిగినకొద్దీ చంకల్లో, గజ్జల్లో ఉండే బిళ్లల్లోకీ, రక్తంలోకీ దానికి దారి దొరుకుతుంది."

"నాదెంత?"

"నాలుగుకి కాస్త తక్కువ."

లోతు సంగతి మర్ల్‌కి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కెల్ తన చేతుల వంక చూసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల ఎడం పెట్టి చూశాడు. రోజూ రేకులు కొలిచే మనిషి. చాలా చిన్న ఎడం అది.

"ఎందుకొచ్చింది నాకు?"

"చాలావరకు ఎండ వల్లే. పెద్దయ్యాక తిన్న ఎండ ఒక్కటే కాదు. చిన్నప్పుడు బొబ్బలెక్కేలా కాలితే ఆ దెబ్బ చర్మంలోనే ఉండిపోతుందని ఇప్పుడు అంటున్నారు. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత బయటపడచ్చు. అందరికీ రాదు. కానీ తెల్లటి ఒళ్లు, ఎర్రజుట్టు, ఒంటినిండా మచ్చలూ ఉన్నవాళ్లకి..." అంటూ అలెక్ మధ్యలో ఆగిపోయాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పుడు తట్టింది అతనికి.

మర్ల్ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"చిన్నప్పుడంటే... ఏడేళ్లు, ఎనిమిదేళ్లా?"

"మిసెస్ టాన్సీ, అప్పుడు ఎవరికీ తెలీదు. మా ప్రొఫెసర్లకే తెలీదు."

"అడిగినదానికి చెప్పు."

"అవును. ఆ వయసే."

"చొక్కా విప్పు, అలెక్."

"ఏంటండీ?"

"నీ వీపు చూడాలి. విప్పు."

ఆ డాక్టరు కుర్చీలోంచి లేచి, బొత్తాలు తీసి, ఆవిడకి వీపు చూపిస్తూ నిలబడ్డాడు. మర్ల్ కళ్లజోడు పెట్టుకుని భుజాల నుంచి నడుము దాకా ఒక్కొక్క మచ్చా చూసింది. చూశాక వేలికొసలతో ఆ వీపు మీద ఒకసారి రాసి, "వేసుకో, చలేస్తుంది" అంది.

పట్నంలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మచ్చ ఉన్నచోట చుట్టూ అరచేతి మేర కోసి తీసి, తొడ మీది చర్మం తెచ్చి అతికించారు. ఇంటికొచ్చాక ఆరు వారాలు బోర్లా పడుకుంది. మంచం పక్కన నేల మీద పాత హాజరు పుస్తకాలు పెట్టించుకుని, తల వేలాడేసి, ఒక్కో పేరు చదివేది. పేరు కనిపించగానే ఆవిడకి వీపు గుర్తొచ్చేది. ఎవరిది ఎంత తెలుపో, ఎవరికి ఎన్నిసార్లు బొబ్బలెక్కాయో. మొహాలు కొన్ని మర్చిపోయిందేమో గానీ వీపులు మర్చిపోలేదు.

1962 పుస్తకంలో ఒక పేరు దగ్గర ఆగిపోయింది. డెస్మండ్ కియో. నిప్పులాంటి జుట్టు, పాలలాంటి ఒళ్లు, ముక్కు మీద నుంచి నడుము దాకా గోధుమరంగు చుక్కలు. వాళ్లమ్మ ఈటా వాడికి పొడుగు చేతుల చొక్కా కుట్టి పంపింది. మొదటిరోజు నీళ్ల దగ్గర మర్ల్ దాన్ని తలమీంచి లాగేసి కంచెకి తగిలించింది. ఆ వారమంతా వాడి వీపు బొబ్బలే. అయినా ఒక్కరోజు మానలేదు. మూడేళ్లు వచ్చాడు.

కియోలు ఊరు వదిలి పదేళ్లయింది. కొండల అవతల వీరాబాలో ఉంటున్నారని ఎవరో చెప్పారు. జనవరిలో లేచి తిరగగలిగిన మొదటి వారంలోనే మర్ల్ బస్సెక్కింది.

"నేనూ వస్తా" అన్నాడు కెల్.

"వద్దు. నువ్వుంటే నీ వంక చూస్తూ కూర్చుంటా, చెప్పాల్సింది చెప్పను."

ఈటా కియో వరండాలో బఠాణీలు ఒలుస్తోంది. మర్ల్‌ని చూడగానే గిన్నె పక్కన పెట్టి లేచింది.

"మర్ల్ టాన్సీ! అబ్బ, నిన్ను చూస్తే ఇప్పటికీ పొట్ట లోపలికి పీల్చుకోవాలనిపిస్తుందమ్మా. ఎంత చిక్కిపోయావు! రా, నీడలో కూర్చో."

"డెస్ ఎక్కడున్నాడు ఈటా?"

ఈటా మొహంలో నవ్వు కాసేపు అలాగే నిలిచిపోయింది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు.

"నీకు తెలీదా? పేపర్లో వేశాం. పోయిన జూన్లో. ఇరవై నాలుగేళ్లు నా బిడ్డకి. భుజం మీద మిరియపు గింజంత మచ్చ లేస్తే పురుగు కుట్టిందనుకున్నాం. పశువుల బీళ్లలో కంచెలు వేసే పని వాడిది, రోజూ ఏదో ఒకటి కుడుతుంది కదా. వాడే చాకుతో గీకేశాడు. ఏడాదికల్లా ఊపిరితిత్తుల్లో తేలింది."

మర్ల్ కూర్చోలేదు. చేతిసంచీ రెండు చేతులా పట్టుకుని నిలబడే చెప్పింది. తన వీపు సంగతి, అలెక్ చెప్పింది, కంచెకి తగిలించిన చొక్కా. ఏదీ తగ్గించలేదు. ఏడవకూడదని ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. ఏడిస్తే ఈటా తనని ఓదార్చాల్సి వస్తుందని.

ఈటా బఠాణీల గిన్నె ఒళ్లోకి తీసుకుంది. ఒక్కటి కూడా ఒలవలేదు.

"గుర్తుంది. పాత దుప్పటి కత్తిరించి కుట్టా. వాడి ఒళ్లు ఎండకి ఆగదని మా అమ్మ పోరింది. ఆవేళ చొక్కా చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. ఏమన్నాడో తెలుసా? 'అమ్మా, మిసెస్ టాన్సీ నన్ను అందరిలాగే ఉండనిచ్చింది' అన్నాడు. ఎంత సంబరమో వాడికి. ఆ సంబరం చూసి నేనూ ఊరుకున్నా."

పెరట్లో ఎక్కడో కోడి అరిచింది. ఈటా తలెత్తింది.

"నీ మీద కోపం లేదు మర్ల్. ఉన్నా ఇవాళ నీకివ్వను, నీ దగ్గర ఇప్పటికే చాలా ఉంది. కానీ నీకు టీ పెట్టలేను. నా వల్ల కాదు. మూడున్నరకి బస్సుంది."

మర్ల్ తల ఊపి మెట్లు దిగింది. బస్సుకి ఇంకా రెండు గంటలు. ఊళ్లో ఎక్కడా కూర్చోలేదు. బస్సాగే చోట రేకు కింద నిలబడే ఉంది.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే కెల్ ఆవిడ చేతిసంచీ అందుకుని పక్కన పెట్టాడు.

"వాడు పదేళ్లు బీళ్లలో కంచెలు వేశాడు మర్లీ. ఏ ఎండ ఏం చేసిందో అలెక్‌కే తెలీదు. అంతా నీ నెత్తినేసుకోకు."

"అంతా వేసుకోవడం లేదు. నా వాటా నాది. అంతే."

ఆ మర్నాడే వెళ్లి హెడ్మాస్టరుతో తగువు పెట్టుకుంది. బస్సు పొద్దున్న ఏడున్నరకి రావాలి, లేకపోతే పాఠం లేదంది. హెడ్మాస్టరు నసిగాడు. డ్రైవరు ఒప్పుకోడన్నాడు. ఆ డ్రైవరుకి ఈత నేర్పింది తనే కాబట్టి మర్ల్ నేరుగా అతని ఇంటికే వెళ్లింది. ఆ పని అయింది. కొలను మీద పందిరి కావాలని మునిసిపాలిటీకి అర్జీ పెడితే, ఛైర్మన్ బెర్ట్ ఓక్స్ మీటింగులో అందరి ముందూ నవ్వాడు.

"ఈతకొలనుకి పందిరా మర్ల్? వచ్చే ఏడు సముద్రానిక్కూడా వేయమంటావా?"

"నీ బట్టతలకి ముందు వేయిస్తాలే బెర్ట్. ఆ చెవి వెనకాల మచ్చ అలెక్‌కి చూపించు."

అందరూ గొల్లుమన్నారు. పందిరి మాత్రం రాలేదు. కెల్ మిల్లులో చక్కెర గుట్టల మీద కప్పే పాత టార్పాలిన్ ఒకటి అడిగి తెచ్చి, ఇనుప గొట్టాలు అతికించి, లోతు తక్కువ వైపు తనే వేశాడు.

అన్నిటికంటే కష్టమైంది చొక్కాల సంగతి. పిల్లలు పొడుగు చేతుల చొక్కాలతో ఈదాలని మర్ల్ చెప్పింది. చెప్పింది గానీ, చొక్కాతో ఎలా ఈదాలో ఆవిడకే తెలీదు. లెన్ పోయిన రోజు నుంచి నీళ్లలో ఒంటి మీద గుడ్డ పడనివ్వలేదు. ఒక ఆదివారం పొద్దున్న ఎవరూ లేనప్పుడు కెల్ చొక్కా తొడుక్కుని గట్టు మీద కూర్చుంది. కెల్ కంచె అవతల గొట్టానికి రంగు వేస్తున్నట్టు నటిస్తున్నాడు. పావుగంట గడిచింది. దిగింది. చొక్కా నీళ్లు పీల్చి చుట్టూ గిన్నెలా ఉబ్బింది, మెడ దగ్గరికి లేచింది. ఆవిడ గట్టిగా ఒక కేక వేసింది. కెల్ బ్రష్ పారేసి పరిగెత్తాడు.

"రాకు!" అంది. "ఉండు. రాకు."

చొక్కా కొసలు ముడి వేసుకుని మళ్లీ మునిగింది. నీళ్లలోనే చొక్కా విప్పుకోవడం ఎలాగో, తలకి చుట్టుకుంటే చేతులు ఎటు తిప్పాలో, ఆ పొద్దంతా తన మీద తనే ప్రయత్నించి కనిపెట్టింది. బుధవారం పిల్లలకి మొదటి పాఠం అదే చెప్పింది. పిల్లలు రాత్రి బట్టలతో ఈదుతున్నట్టున్నారని ఊరంతా దానికి 'పైజామా బడి' అని పేరు పెట్టింది.

శనివారాలు పెద్దవాళ్లని పిలిచి వీపులు చూడటం మొదలుపెట్టింది. అంచు వంకర పోయిందా, రంగులు కలిశాయా, పెరుగుతోందా, దురద పెడుతోందా, రక్తం వచ్చిందా. మొదట్లో వేళాకోళానికి వచ్చారు.

"మర్ల్, నా వీపు మీదేముందో చెప్పు."

"సబ్బు తగలక ఏడాదైందని ఉంది. తర్వాత ఎవరు?"

చెరకు రైతు భార్య నెరీనా బస్కోలీ పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చి పక్కన నవ్వుతూ నిలబడింది. ఆవిడా ఒకప్పటి శిష్యురాలే.

"మా ఇటలీ వాళ్లకి రాదు మిసెస్ టాన్సీ. మాది గట్టి తోలు."

"గట్టి తోలుకీ వస్తుంది, కాస్త తక్కువగా వస్తుంది. ఆ పిక్క మీదేంటి?"

"ఇదా? గొరుగుతుంటే తెగింది."

"ఎప్పుడు?"

నెరీనా చెప్పలేకపోయింది. అలెక్ దాన్ని కోసి పరీక్షకి పంపాడు. మెలనోమానే. లోతు అర మిల్లీమీటరు కూడా లేదు. ఆ కబురు చెప్పడానికి నెరీనా పరిగెత్తుకొచ్చి మర్ల్‌ని వాటేసుకుని ఏడ్చింది. మర్ల్ ఏడవలేదు. "ఇంకో కాలు చూపించు" అంది.

ఆ తర్వాత శనివారాలు జనం వేళాకోళానికి రాలేదు. వరసలో నిలబడ్డారు.

1981 నవంబరులో మర్ల్‌కి ఎడమ చంకలో బిళ్ల కట్టింది. ద్రాక్షపండంత. చేయి ఎత్తి పిల్లలకి ఈత చూపిస్తుంటే తెలిసింది. పాఠం పూర్తి చేసి, పిల్లలందరూ బస్సెక్కాక అలెక్ దగ్గరికి వెళ్లింది. అతను వేళ్లతో తడిమి, చేయి తీయకుండా అలాగే ఉండిపోయాడు.

"కాళ్లందని లోతుకి పోయింది కదూ?" అంది మర్ల్.

"అవునండీ."

బిళ్లలు తీసేశారు. మందు ఎక్కించారు. మందు వల్ల వాంతులు తప్ప ఇంకేమీ ఒరగలేదు. పెద్దాసుపత్రి వాళ్లు మరో రెండు విడతలు ఎక్కిస్తామంటే, ఏప్రిల్లో కొలను మూసేదాకా ఆగమని చెప్పి వచ్చేసింది. మార్చి చివరికి గట్టు మీద నడవలేక కుర్చీ వేయించుకుంది. టార్పాలిన్ కింద కూర్చుని పిల్లల మీద అరిచేది. అరిచినప్పుడు దగ్గు వచ్చేది. నీళ్లలో ఆవిడ బదులు నెరీనా ఉండేది.

చలికాలంలో పూర్తిగా మంచాన పడింది. కెల్ మిల్లుకి సెలవు పెట్టేశాడు. చెరకు కోతలు మొదలై మిల్లు ఆడుతున్న రోజుల్లో అతను ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. ఒక పొద్దున్న ఆవిడకి తల దువ్వుతుంటే అంది:

"కెల్, నేను చేసింది మంచో చెడో నాకు తెలియడం లేదు."

"ఏరు ఎవర్నీ తీసుకుపోలేదు మర్లీ."

"అది తెలుసు. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తున్నా. ఒకదాన్ని ఒకటి చెరపడం లేదు. రెండూ అలాగే ఉంటున్నాయి."

కెల్ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీశాడు. మళ్లీ నెమ్మదిగా దువ్వాడు.

ఆగస్టు పంతొమ్మిదిన, మధ్యాహ్నం మిల్లు షిఫ్టు మారే వేళకి, మర్ల్ టాన్సీ పోయింది. యాభై ఏడేళ్లు. చర్చి చాలక జనం రోడ్డు మీద నిలబడ్డారు. బెర్ట్ ఓక్స్ చెవి వెనక పట్టీతో వచ్చాడు, వెనక వరసలో కూర్చుని తల ఎత్తలేదు. కెల్ వీరాబాకి ఉత్తరం రాశాడు. ఈటా కియో రాలేదు. జవాబూ రాయలేదు. ఆ ఉత్తరం ఎందుకు రాశావని నెరీనా అడిగితే, "మర్ల్ ఉంటే చెప్పేది. అందుకని" అన్నాడు.

సెప్టెంబరులో నెరీనా కొలను తెరిచింది. మొదటివారం బస్సు ఏడున్నరకే వచ్చింది. రెండో నెలకల్లా, పొద్దున్నే పిల్లల్ని తెమల్చడం కష్టంగా ఉందని తల్లులు గొణిగారు, డ్రైవరు మారాడు, హెడ్మాస్టరు పాఠం పదకొండుకే పెడదామన్నాడు. నెరీనా అరిచి గీపెట్టి తొమ్మిదికి ఒప్పించింది. చొక్కాలు కొందరు వేసుకున్నారు, కొందరు వేసుకోలేదు. వేసుకోని పిల్లల్ని ఆవిడ టార్పాలిన్ కిందే ఈదించింది.

ఫిబ్రవరి తుఫానుకి టార్పాలిన్ నిలువునా చిరిగి రైలు పట్టాల మీద పడింది. నెరీనా ఆ కబురు చెప్పడానికి కెల్ ఇంటికి వెళ్లేసరికి అతను అప్పటికే గొట్టాలు సరిచేస్తూ కొలను దగ్గర ఉన్నాడు. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ. చిరుగు కుట్టడానికి అతనికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు తొమ్మిదికి బస్సు వచ్చేలోపే మళ్లీ కట్టేశాడు.